మంచుకొండల గురువు టెన్జింగ్ నార్గే

ఎవరెస్టు శిఖరాన్ని మొట్టమొదట ఎక్కినవారెవరు అని క్విజ్ పోటీలో అడిగితే మనలో అందరూ చేతులు ఎత్తుతాం. ఎడ్మండ్ హిల్లరీ, టెన్జింగ్ నార్గే, 1953 మే 29. జవాబు కరెక్టే. కానీ ఆ ఒక్క రోజుకు ముందు టెన్జింగ్ పద్దెనిమిదేళ్లు ఇతరుల బరువులు మోశారని, ఆరుసార్లు శిఖరం అందకుండానే వెనక్కి వచ్చారని, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా కొండ ఎక్కడం, క్షేమంగా దిగడం పిల్లలకు నేర్పిన గురువని మనలో చాలామందికి తెలియదు. బడి మెట్టు ఎక్కని ఒక కూలీ దేశానికే పాఠం చెప్పే స్థాయికి ఎలా వచ్చారో తెలుసుకోవడం మనకు ఎంతో అవసరం.

జడల బర్రెల కాపరి

టెన్జింగ్ 1914లో పుట్టారు. తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. ఎవరెస్టు ఎక్కిన తర్వాత మే 29నే తన పుట్టినరోజుగా పెట్టుకున్నారు. తల్లిదండ్రులు జడల బర్రెలను మేపుకుని బతికేవారు. పదమూడు మంది సంతానంలో ఆయన పదకొండవవాడు. వారిలో చాలామంది చిన్నతనంలోనే చనిపోయారు. ఆయన పెరిగింది నేపాల్‌లోని ఖుంబు ప్రాంతంలో, ఎవరెస్టు పాదాల దగ్గరున్న థామే అనే ఊళ్లో. మొదట పెట్టిన పేరు నాంగ్యాల్ వాంగ్దీ. ఒక పెద్ద లామా ఆ పేరు మార్చి టెన్జింగ్ నార్గే అని పెట్టారు. సన్యాసిని చేద్దామని బౌద్ధ మఠానికి పంపితే అక్కడ ఉండలేక ఇంటికి పారిపోయి వచ్చాడు. బడి అనేది ఆ ఊళ్లో లేదు.

ఆ రోజుల్లో నేపాల్ లోకి విదేశీయులను రానిచ్చేవారు కాదు. అందువల్ల ఎవరెస్టు ఎక్కడానికి వచ్చే తెల్లవారు మన దేశంలోని డార్జిలింగ్‌లో కూలీలను కుదుర్చుకుని టిబెట్ మీదుగా వెళ్లేవారు. పని దొరుకుతుందని షెర్పా యువకులు డార్జిలింగ్‌కు వలస వచ్చేవారు. మన పల్లెల నుంచి పనుల కోసం పట్నాలకు వెళ్లినట్టే అది కూడా. టెన్జింగ్ 1932 ప్రాంతంలో, పద్దెనిమిదేళ్ల వయసులో అలాగే వచ్చారు. ఆవులను కాస్తూ, పాలు అమ్ముతూ పొట్ట పోసుకున్నారు. 1933లో ఎవరెస్టు యాత్రకు కూలీగా వెళ్లాలని ప్రయత్నిస్తే తీసుకోలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ అనే బ్రిటిష్ నాయకుడు చివరి నిమిషంలో ఇంకా కూలీలు కావాలన్నప్పుడు ఆయనకు అవకాశం వచ్చింది. ముందు అనుభవం లేదు, చూపించడానికి సర్టిఫికెట్ లేదు. నవ్వు ముఖం చూసి తీసుకున్నారని చెబుతారు.

చావు పొంచి ఉన్న కూలిపని

ఆ కూలిపని ఎంత ప్రమాదకరమో తెలిస్తే తప్ప టెన్జింగ్ నేర్చుకున్న విద్య విలువ మనకు అర్థం కాదు. 1922 జూన్ 7న ఎవరెస్టు ఉత్తర భాగంలో కొత్తగా కురిసిన మంచు మీద ఒక బృందం ఎక్కుతుండగా మంచు చరియ విరిగిపడింది. ఏడుగురు కూలీలు చనిపోయారు. వారితో ఉన్న బ్రిటిష్ వారు బయటపడ్డారు. 1934లో నంగా పర్బత్ మీద తుఫానులో చిక్కుకుని ముగ్గురు జర్మన్లు, ఆరుగురు షెర్పాలు మరణించారు. 1937లో అదే కొండ మీద రాత్రి శిబిరంలో నిద్రిస్తున్న పదహారు మందిని మంచు చరియ కప్పేసింది. వారిలో తొమ్మిది మంది షెర్పాలు.

ఎప్పుడు కదలాలి, ఎక్కడ గుడారం వేయాలి, ఎప్పుడు ఆగాలి అని నిర్ణయించేది దొరలు. ఆ నిర్ణయం తప్పితే ప్రాణం పోగొట్టుకునేవారిలో ఎక్కువమంది కూలీలు. వారికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే పద్ధతి అప్పట్లో లేదు. ముందువాడు ఎలా నడిస్తే వెనకవాడు అలా నడవడమే. టెన్జింగ్ మాత్రం బరువు దించిన తర్వాత విశ్రాంతి తీసుకోకుండా గమనించేవారు. తాడు ఎలా కడుతున్నారు, మంచు గొడ్డలితో మెట్లు ఎలా చెక్కుతున్నారు, ఏ మంచు గట్టిది, ఏది బోలు అని అడిగి తెలుసుకునేవారు. 1936లో, 1938లో మళ్లీ ఎవరెస్టుకు వెళ్లారు. 1938లో 8,000 మీటర్లు దాటి బరువు మోసినందుకు ఆయనకు టైగర్ పతకం ఇచ్చారు.

ఆ తర్వాత రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి యాత్రలు ఆగిపోయాయి. ఆయన ఇప్పటి పాకిస్తాన్‌లోని చిత్రాల్‌లో ఒక సైనికాధికారి దగ్గర పనికి కుదిరారు. అక్కడే 1944లో మొదటి భార్య దావా ఫుటీ చనిపోయారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలను వెంటబెట్టుకుని ఆయన డార్జిలింగ్‌కు తిరిగి వచ్చారు.

మేస్త్రీగా ఎదిగిన రోజులు

1947లో స్విట్జర్లాండ్ వారి బృందంతో గఢ్వాల్ హిమాలయాలకు వెళ్లారు. ఆ బృందంలోని షెర్పాల పెద్ద జారిపడి తీవ్రంగా గాయపడ్డారు. ఆ బాధ్యత టెన్జింగ్ మీద పడింది. దీనిని సర్దార్ అంటారు. మన దగ్గర కూలీల మేస్త్రీ లాంటి పని. అయితే ఈ మేస్త్రీ చూడవలసింది కూలి లెక్క మాత్రమే కాదు, తన మనుషుల ప్రాణాలు కూడా. ఆ యాత్రలోనే 6,940 మీటర్ల కేదారనాథ్ శిఖరం ఎక్కారు. అదే సంవత్సరం ఎర్ల్ డెన్మన్ అనే ఆయనతో కలిసి చాలినంత సామాను లేకుండానే ఎవరెస్టు దగ్గరకు వెళ్లి, చలిగాలికి తట్టుకోలేక వెనక్కి వచ్చారు.

1951లో ఫ్రెంచి వారు నందాదేవి మీద ఒక కఠినమైన ప్రయత్నం చేశారు. రోజే దుప్లా, గిల్బర్ విన్య్ అనే ఇద్దరు ప్రధాన శిఖరం వైపు వెళ్లి తిరిగి రాలేదు. వారి జాడ కోసం టెన్జింగ్, లూయీ దుబో అనే మరో ఫ్రెంచి సభ్యుడితో కలిసి 7,434 మీటర్ల నందాదేవి తూర్పు శిఖరం ఎక్కారు. జాడ దొరకలేదు. తన జీవితంలో అన్నింటికంటే కష్టమైన ఆరోహణ ఎవరెస్టు కాదనీ, అదేననీ ఆయన తర్వాత చెప్పుకున్నారు.

వెనక్కి తిరగడం నేర్పిన సంవత్సరం

1952లో స్విస్ వారు నేపాల్ వైపు నుంచి ఎవరెస్టుకు వచ్చారు. టెన్జింగ్‌ను కూలీల సర్దార్‌గానే కాక, బృందంలో పూర్తి సభ్యుడిగా కూడా చేర్చుకున్నారు. ఆయన తాడుకు జోడీ రేమాన్ లాంబేర్. ఈ లాంబేర్ అంతకు ముందు ఆల్ప్స్ పర్వతాల మీద శీతకాలపు తుఫానులో చిక్కుకుని కాలి వేళ్లన్నీ పోగొట్టుకున్న మనిషి. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అయినా ఇద్దరూ ప్రాణమిత్రులయ్యారు.

మే 27 రాత్రి వారిద్దరూ దాదాపు 8,400 మీటర్ల ఎత్తున ఒక చిన్న గుడారంలో గడిపారు. కప్పుకోవడానికి స్లీపింగ్ బ్యాగులు లేవు, స్టవ్ లేదు. ఖాళీ డబ్బాలో మంచు వేసి కొవ్వొత్తి మంట మీద కరిగించి గొంతు తడుపుకున్నారు. నిద్రపోతే గడ్డకట్టిపోతామని రాత్రంతా ఒకరినొకరు తట్టుకుంటూ, రుద్దుకుంటూ మేలుకున్నారు. తెల్లవారాక బయలుదేరి ఐదు గంటలకు పైగా శ్రమించి సుమారు 200 మీటర్లు మాత్రమే ఎక్కగలిగారు. ఆక్సిజన్ పరికరం నడుస్తున్నప్పుడు పనిచేయలేదు. 8,595 మీటర్ల దగ్గర ఆగారు. అప్పటికి అంత ఎత్తుకు చేరినట్టు ఖాయంగా తెలిసిన మనిషి ఎవరూ లేరు. శిఖరానికి ఇంకా 250 మీటర్లే ఉంది.

ఇక్కడ వారు చేసిన లెక్క గమనించదగినది. ఇంకొంత దూరం వెళ్లవచ్చు. కానీ అలా వెళితే తిరిగి రావడానికి ఒంట్లో శక్తి మిగలదు. కాబట్టి వెనక్కి తిరిగారు. ఇద్దరూ ప్రాణాలతో దిగారు. అదే ఏడాది శరదృతువులో మళ్లీ ప్రయత్నించారు. మంచు గడ్డలు మీద పడి మింగ్మా దోర్జే అనే షెర్పా మరణించారు. చలికాలం ముంచుకొచ్చి, భరించలేని గాలులు మొదలవడంతో ఆ యాత్ర కూడా ఆగిపోయింది. విడిపోయేటప్పుడు లాంబేర్ తన ఎర్ర కండువాను టెన్జింగ్‌కు ఇచ్చారు.

ఏడవ ప్రయత్నం

1953లో జాన్ హంట్ నాయకత్వాన బ్రిటిష్ బృందం వచ్చింది. టెన్జింగ్‌కు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. యాత్రకు ముందు రోజూ తెల్లవారుజామునే లేచి, సంచిలో రాళ్లు నింపుకుని డార్జిలింగ్ కొండలు ఎక్కి దిగేవారు. సిగరెట్టు, మద్యం మానేశారు.

యాత్ర మొదట్లోనే ఒక సంఘటన జరిగింది. పై శిబిరం నుంచి దిగుతూ హిల్లరీ ఒక మంచు పగులును దూకబోతే అంచు విరిగి లోపలికి పడిపోయారు. వెనక తాడు పట్టుకున్న టెన్జింగ్ క్షణం ఆలస్యం చేయకుండా మంచు గొడ్డలిని నేలలోకి దించి, దానికి తాడు చుట్టి బిగించారు. హిల్లరీ కొన్ని అడుగుల లోతులో ఆగిపోయారు. ఆ తర్వాత ఆయనను పైకి లాగారు. తాడు జోడీగా టెన్జింగే కావాలని హిల్లరీకి గట్టిగా అనిపించింది ఆ రోజు నుంచే. పద్దెనిమిదేళ్లుగా చూసి, అడిగి, చేసి నేర్చుకున్నది ఆ ఒక్క క్షణంలో అక్కరకు వచ్చింది.

మే 26న బృందంలోని టామ్ బూర్దిలాన్, చార్లెస్ ఎవాన్స్ దక్షిణ శిఖరం దాకా వెళ్లారు. అసలు శిఖరం కంటికి కనిపిస్తోంది. కానీ పొద్దు వాలుతోంది, ఆక్సిజన్ పరికరం ఇబ్బంది పెడుతోంది. వారు వెనక్కి తిరిగారు. ఇంకా కొంత మిగిలిన రెండు ఆక్సిజన్ సిలిండర్లను దారిలో వదిలి వచ్చారు. మూడు రోజుల తర్వాత హిల్లరీ, టెన్జింగ్ దిగేటప్పుడు ఆ సిలిండర్లే ఉపయోగపడ్డాయి.

మే 28 రాత్రి సుమారు 8,500 మీటర్ల దగ్గర గుడారం వేశారు. హిల్లరీ బూట్లు విప్పి పడుకుంటే తెల్లారేసరికి అవి రాయిలా గడ్డకట్టాయి. స్టవ్ మీద కాచి మెత్తబరచడానికి రెండు గంటలు పట్టింది. టెన్జింగ్ బూట్లు విప్పకుండానే పడుకున్నారు. మే 29న ఉదయం 11:30 గంటలకు ఇద్దరూ శిఖరం మీద నిలబడ్డారు. టెన్జింగ్ మెడలో లాంబేర్ ఇచ్చిన ఎర్ర కండువా ఉంది. ఆయన మంచు గొడ్డలికి ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారత్ జెండాలు కట్టి ఎత్తి పట్టుకున్నారు. కొన్ని మిఠాయిలు, చిన్న కూతురు నీమా ఇచ్చిన పెన్సిలు అక్కడి మంచులో పాతిపెట్టారు. పావుగంట ఉండి దిగడం మొదలుపెట్టారు.

కిందికి వచ్చాక ముందు ఎవరు కాలు పెట్టారని లోకమంతా అడగడం మొదలుపెట్టింది. హంట్‌కు, హిల్లరీకి సర్ బిరుదులు వచ్చాయి. టెన్జింగ్‌కు జార్జి పతకం వచ్చింది. ఈ తేడా అప్పుడు చాలామందికి బాధ కలిగించింది. ఒకే తాడు మీద వెళ్లినవారిలో ముందు, వెనక అనేది లేదని ఆయన భావన. అయినా 1955లో వెలువడిన తన ఆత్మకథలో హిల్లరీయే కొన్ని అడుగులు ముందు ఉన్నారని నిజాన్ని నిజంగా చెప్పేశారు. చదవను, రాయను రాదు కాబట్టి ఆ పుస్తకాన్ని ఆయన చెబుతుంటే ఒక రచయిత రాశారు.

మళ్లీ విద్యార్థిగా

ఢిల్లీకి వచ్చిన టెన్జింగ్‌ను ప్రధానమంత్రి నెహ్రూ ఆప్యాయంగా చూసుకున్నారు. లండన్ వెళ్లడానికి సరైన బట్టలు లేవని గ్రహించి తన బీరువాలోని దుస్తులే ఇచ్చారు. ఈ విజయం ఒక్క మనిషితో ఆగిపోకూడదని, యువతకు పర్వతారోహణ నేర్పే సంస్థ ఒకటి ఉండాలని నెహ్రూ, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బి.సి. రాయ్ తలచారు. అలా 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మేజర్ నరేంద్ర ధర్ జయాల్ మొదటి ప్రిన్సిపాల్. టెన్జింగ్ మొదటి క్షేత్ర శిక్షణ డైరెక్టరు.

పదవి ఇచ్చారు కదా అని ఆయన నేరుగా కుర్చీలో కూర్చోలేదు. 1954లో మరికొందరు షెర్పాలతో కలిసి స్విట్జర్లాండ్ వెళ్లి, రోజెన్‌లావీలో ఆర్నాల్డ్ గ్లాట్‌హార్డ్ అనే గైడు నడిపే బడిలో విద్యార్థిగా చేరారు. అప్పటికి ఆయన ప్రపంచంలోనే పేరుపొందిన పర్వతారోహకుడు. వయసు నలభై. అయినా ముడులు వేయడం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. చేయడం వేరు, చేసేది ఇతరులకు వరుసక్రమంలో నేర్పడం వేరు అని ఆయనకు తెలుసు.

ఆయన నేర్పిన పాఠాలు

డార్జిలింగ్ దగ్గర ఒక పెద్ద బండ ఉంది. ఇప్పుడు దానిని టెన్జింగ్ రాక్ అంటారు. కొత్త విద్యార్థులు మొదట అలాంటి బండల మీద ఎక్కడం, తాడుతో దిగడం నేర్చుకుంటారు. ఆ తర్వాత పశ్చిమ సిక్కింలోని హిమనీనదం దగ్గరకు వెళ్లి అసలు మంచు మీద అభ్యాసం చేస్తారు. ఈ చదువులో మొదటి పాఠం శిఖరం గురించి కాదు, జారిపడటం గురించి. మంచు వాలు మీద జారిన వెంటనే బోర్లా తిరిగి, గొడ్డలి మొనను ఛాతీ కింద మంచులోకి నొక్కి ఆగాలి. దీనిని ప్రమాదం లేని చిన్న వాలు మీద కావాలని జారి, పదేపదే చేసి ఒంటికి అలవాటు చేస్తారు. అసలు ప్రమాదంలో ఆలోచించడానికి వ్యవధి ఉండదు.

రెండవది తాడు. హిమనీనదం మీద పగుళ్లను పైన కొత్త మంచు కప్పేస్తుంది, కంటికి కనపడవు. అందుకే తాడు కట్టుకుని ఎడం ఎడంగా నడుస్తారు. ఒకరు పడితే మిగిలినవారు ఆపి పైకి లాగాలి.

మూడవది మంచు చరియలు. ఇవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద విరిగిపడతాయి. బాగా మంచు కురిసిన మొదటి ఒకటి రెండు రోజులు, గాలి మంచును పోగుచేసిన చోట్లు, ఎండకు మెత్తబడిన వేళలు ప్రమాదకరం. 1922లో ఏడుగురిని బలి తీసుకున్నది కొత్త మంచే. ఈ రోజుల్లో శీతకాలంలో మంచుకొండల్లోకి వెళ్లేవారు సంకేతాలు పంపే చిన్న ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార తప్పకుండా వెంట ఉంచుకుంటారు. మంచు కింద కూరుకుపోయినవారిని సుమారు పావుగంట లోపల తీయగలిగితేనే బతికే అవకాశం ఎక్కువ. బయటి నుంచి సహాయం వచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. కాబట్టి వెతకడం తోటివారికే తెలిసి ఉండాలి.

నాలుగవది శరీరం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదు. తలనొప్పి, వాంతులు, తూలడం కనిపిస్తే దాచుకోకూడదు, ముదిరితే వెంటనే కిందికి దిగాలి. తడిసిన బట్టలు మార్చుకోవాలి. చలికి మొద్దుబారిన వేళ్లను మంచుతో రుద్దకూడదు. చివరిది అన్నింటికంటే కష్టమైనది. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో బయలుదేరకముందే నిర్ణయించుకుని, శిఖరం కళ్ల ముందున్నా ఆ మాట మీద నిలబడాలి. 1952లో లాంబేర్, టెన్జింగ్ చేసినది అదే. అలా తిరిగి వచ్చారు కనుకనే 1953 వరకు బతికి ఉన్నారు.

టెన్జింగ్ 1976లో పదవీ విరమణ చేసేవరకు ఈ పనిలోనే ఉన్నారు. ఆయన మేనల్లుడు నవాంగ్ గోంబు 1963లోనూ, 1965లోనూ ఎవరెస్టు ఎక్కి, రెండుసార్లు ఎక్కిన మొదటి మనిషిగా పేరు తెచ్చుకున్నారు. భారత ప్రభుత్వం 1959లో టెన్జింగ్‌కు పద్మభూషణ్ ఇచ్చింది. 1986 మే 9న డార్జిలింగ్‌లో ఆయన కన్నుమూశారు. తాను పాఠాలు చెప్పిన ఆ సంస్థ ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి. అక్కడ నెలకొల్పిన ఆయన విగ్రహాన్ని 1997లో హిల్లరీ స్వయంగా ఆవిష్కరించారు.

మన దాకా వచ్చిన పాఠం

ఆయన పోయిన ఇరవై ఏడేళ్లకు, 2013లో, సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు కొందరు భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లోని అదే సంస్థలో శిక్షణ పొందారు. తర్వాత లడఖ్ చలిలో అభ్యాసం చేశారు. వారిలో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న, రాష్ట్ర విభజనకు ఎనిమిది రోజుల ముందు, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. అదే సంవత్సరం ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దగ్గర మంచు విరిగిపడి పదహారు మంది నేపాలీ పనివారు చనిపోయారు. ఆ వార్త విన్న తర్వాత కూడా ఈ పిల్లలు ముందుకు వెళ్లారంటే, క్షేమంగా దిగి వచ్చారంటే, అది ధైర్యం ఒక్కటే కాదు, పద్ధతిగా నేర్చుకున్న విద్య కూడా.

మిత్రులారా! 1922లో కూలీలు ప్రాణాలు పెట్టి తెలుసుకున్నది, టెన్జింగ్ బరువు దించి గమనించి నేర్చుకున్నది, తర్వాత తరగతి పాఠమై మన వంటి హాస్టల్ పిల్లల దాకా వచ్చింది. మనలో అందరం కొండలు ఎక్కకపోవచ్చు. ఈతకు వెళ్లినా, కరెంటు పని నేర్చుకున్నా, బండి నడిపినా, రేపు ఏ ఉద్యోగంలో చేరినా, ఆ పనిలో ప్రమాదం ఎక్కడుందో ముందు తెలుసుకుందాం. తెలియనిది అడుగుదాం. నలభై ఏళ్ల వయసులో, అంత పేరు వచ్చిన తర్వాత, టెన్జింగ్ మళ్లీ ముడులు వేయడం నేర్చుకున్నారు. మనకు ఇంకా చాలా సమయం ఉంది. నేర్చుకున్నదాన్ని మన వెనక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఓపికగా చెబుదాం. టెన్జింగ్ నార్గే జీవితానికి మనం ఇవ్వగల గౌరవం అదే.